నాపరాళ్ల మీద నాగూర్ వలి

ఆ కండువా రంగు ఏదో నేను చెప్పను. వినుకొండ బస్టాండు వెనక సెల్ రిపేరు కొట్టు పెట్టుకుని బతుకుతున్నవాణ్ని. రంగు చెబితే సగం మంది నా కొట్టు మెట్లెక్కడం మానేస్తారు, మిగతా సగం మంది ఎక్కి కూర్చుని లేవరు. రెండూ నాకు నష్టమే. మీకు తెలియాల్సింది ఒక్కటే. ఎలక్షన్లప్పుడు మీటింగుకు వెళ్లినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ కూడా పంచిపెట్టిన కండువా అది. ఎలక్షన్లయిన మర్నాటి నుంచి నా స్కూటర్ సీటు తుడుచుకునే గుడ్డ. నాది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన చోట చెప్పలేదు.

మా కొట్టు పక్కన పరుపుల కొట్టు నాగూర్ వలిది. యాభై ఆరేళ్ల మనిషి. బక్కపలచగా, పొడుగ్గా ఉంటాడు. నేను మావా అని పిలుస్తాను. తాతల నాటి నుంచి వాళ్లది దూది ఏకే పని. చిన్నతనంలో తండ్రి వెంట నాదెండ్ల వైపు, రాజుపాలెం వైపు ఊరూరా తిరిగాడట. తండ్రి ఎవరింటి వసారాలో దూది ఏకుతుంటే, ఈయన ఆ ఇంటి అటక ఎక్కి ఏకిన కుప్పలోకి దూకేవాడు. తండ్రి బెత్తం తీసుకుని వెంటపడితే, తప్పించుకోవడానికి మళ్లీ ఎక్కి మళ్లీ దూకేవాడు. పడటం అనే విద్య ఆయనకు అట్లా వచ్చింది. ఆ విద్యతో ఏదన్నా చేయొచ్చని యాభై మూడేళ్లు వచ్చేదాకా ఆయనకు తోచలేదు. అప్పటికి ఊళ్లోకి ఫోము పరుపులు వచ్చేశాయి, దూది ఏకే మిషను మీద వారానికి ఐదు రోజులు గోనెపట్టా కప్పి ఉండేది.

మూడేళ్ల కింద ఒక రోజు నేనొక ఫోన్ కెమెరా బాగుచేసి, పనిచేస్తుందో లేదో చూడటానికి ఆయన వైపు తిప్పాను. సరిగ్గా అప్పుడే ఆయన స్టూలెక్కి పై అరలోని పరుపు చుట్ట లాగుతున్నాడు. చుట్ట వచ్చింది. చుట్టతో పాటు ఆయనా వచ్చాడు. ఆయన మీదికి ఇంకో నాలుగు చుట్టలు వచ్చాయి. కాసేపటికి పరుపుల కింది నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, చుట్టూ తడిమి, ఊడిపోయిన చెప్పును వెతికి లోపలికి లాక్కుంది. ఆయన్ను అడగకుండానే ఆ వీడియో నెట్‌లో పెట్టేశాను. మర్నాడు జనం నా కొట్టుకొచ్చి ఆయన కోసం అడిగారు.

అప్పటి నుంచి మొదలైంది మా సినిమాల పిచ్చి. నిమిషం, నిమిషంన్నర సినిమాలు. కథేమీ ఉండదు, ఇంట్లో జరిగే అప్రాచ్యపు పనులే. గ్యాసు బండ మార్చబోయి బండతో పాటు దొర్లడం, దోమతెరలో చిక్కుకుని తెరతో సహా వంటింట్లోకి నడవడం, నీళ్ల డ్రమ్ములో పడ్డ చెంబు కోసం వంగితే చివరికి పైన రెండు కాళ్లు మాత్రం మిగలడం. ఆయన భార్య మాబున్నీసా సినిమాలోనూ భార్యే. ఆమె నవ్వదు. మొగుడు పడ్డప్పుడు తల తిప్పి ఒక్కసారి చూసి, మళ్లీ బెండకాయలు తరుక్కుంటుంది. జనం సగం ఆ చూపుకే నవ్వేవాళ్లు. కానీ ఆ పడటాల వెనక పనంతా ఆమెదే. తుంటికి, వెన్నుకు, మోచేతులకు బూరుగుదూదితో మెత్తలు కుట్టి బనీను లోపల కట్టేది. పడే చోట పలచటి పరుపు వేసి, కెమెరాకు కనపడకుండా పైన చాప పరిచేది.

"పడేటప్పుడు ఊపిరి బయటికి వదలాలి. గడ్డం గుండెకానించాలి. చెయ్యి మాత్రం కింద పెట్టమాక. చెయ్యి పెట్టినోడి చెయ్యి ఇరుగుద్ది," అని నాకు చెప్పేవాడు. ఒకసారి నేను, "జనం ఎందుకు మావా ఇంత నవ్వుతారు?" అని అడిగాను. "నేను లేస్తానని," అన్నాడు. "లేవనోణ్ని చూసి ఎవురు నవ్వుతారు?"

ఇక కండువా సంగతి. ఆ రోజు సినిమాలో నూనె క్యాను ఒలకాలి, భార్య చూడకముందే మొగుడు తుడవబోయి జారాలి. అన్నీ సిద్ధం చేశాక తుడవడానికి గుడ్డ లేదు. మాబున్నీసా తన మసిగుడ్డ ఇవ్వనంది. "నూనె పోదు. మీ ఆటలకు నా గుడ్డలు ముట్టమాకండి," అంది. నేను బయటికి పోయి, స్కూటర్ డిక్కీలోంచి కండువా తెచ్చి ఆయన చేతికిచ్చాను. ముగ్గురం చూశాం. ముగ్గురికీ అది గుడ్డలాగే కనపడింది. మా పేటలో ఏ ఇంటికి పోయినా ఎలక్షన్ కండువాతోనే అన్నం గిన్నె దించుతారు, చంటిపిల్లలకు పక్క వేస్తారు. అదే మా తప్పు. ఇంట్లో చూసే కంటితో చూశాం. అది వీధిలోకి పోతే ఏమవుతుందో ఆలోచించలేదు.

వీడియో పెట్టిన నాలుగో రోజుకు అవతలి పార్టీవాళ్లెవరో ఆ ముక్క కత్తిరించి, 'ఆ కండువా విలువ ఇంతే' అని కింద రాసి తిప్పారు. మేం మా వీడియో తీసేశాం. తీసేస్తే ఏం లాభం, అప్పటికే అది గురజాల దాటి మాచర్ల దాకా తిరుగుతోంది. అప్పటి నుంచి ఆయనకు ఆకలి తగ్గింది, నాకు నిద్ర తగ్గింది.

శనివారం పొద్దున పదకొండు గంటలకు నేను మావ ఇంటి దగ్గర ఉండగా రెండు బైకుల మీద నలుగురు వచ్చారు. ముందు దిగినవాడు నవీన్. మా మండలంలో ఆ కండువా పార్టీకి పెద్దదిక్కు సాంబశివరావు. నవీన్ ఆయన మేనల్లుడు, పార్టీ ఫోన్ గ్రూపులన్నీ నడిపేది అతనే.

"వలీ, పద. మామయ్య రమ్మన్నాడు," అన్నాడు. నా వైపు వేలు చూపించి, "నువ్వు గూడా. తీసేది నువ్వేగా, ఫోన్ తెచ్చుకో," అన్నాడు.

మాబున్నీసా లోపలి నుంచి పరుగున వచ్చింది. చేతిలో మెత్తలు కట్టిన బనీను ఉంది, దాన్ని పైట కింద దాచింది. "ఒక్క నిమిషం బాబూ, చొక్కా మార్చుకుని వస్తాడు."

"పెళ్లికేం తీసుకుపోవట్లా. ఇట్టాగే చాలు."

ఆమె నా స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని, "సుధీరూ, ఎట్టా తీసుకుపోతున్నావో అట్టా తీసుకురా," అంది. నేను తల ఊపాను. నా చేతిలో ఏముందని ఊపానో నాకే తెలియదు.

ముందు ఒక బైకు, వెనక ఒక బైకు, మధ్యలో మా స్కూటర్. ఊరి కొండ వెనకబడింది, పత్తిచేలు మొదలయ్యాయి. ముందు బైకును అందుకోవాలని నేను వేగం పెంచాను. వెనక కూర్చున్న నాగూర్ వలి మాత్రం, "మెల్లగా పోనీ. తొందర వాళ్లకుంటే వాళ్లకుండనీ," అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది కానీ నా భుజం మీద వేసిన చెయ్యి బిగుసుకుని ఉంది.

సాంబశివరావు ఇల్లు పది కిలోమీటర్ల అవతలి ఊళ్లో. ఇంటి ముందు పొడుగాటి వసారా, కింద మాచర్ల నాపరాళ్లు. ఎన్నేళ్లుగా నడిచి నడిచి నున్నబడ్డాయో, ఎదురుగా నిలబడ్డవాళ్ల కాళ్లు వాటిలో మసగ్గా కనపడుతున్నాయి. పదిహేను మంది దాకా ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. సాంబశివరావు చెక్క కుర్చీలో ఉన్నాడు. ఆయన వెనక దోమల జాలీ తలుపు, దాని లోపల ఎవరో ఆడమనిషి నీడ. మేం చెప్పులు కింద విడిచి మెట్లెక్కాం. కాలికి రాయి చల్లగా, గట్టిగా తగిలింది. నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇక్కడ చాప లేదని.

"ఏందయ్యా వలీ, మా ఇంట్లో పరుపులన్నీ మీ నాయన ఏకినవే. నా మీద నీకేం కోపం?" అన్నాడు సాంబశివరావు. అరవలేదు. అరిస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

"కోపమేంది సార్. అట్టాంటిదేం లేదు."

"మరి కండువాతో నేల తుడవడమేంది?"

"చూసుకోలేదు సార్."

నవీన్ ముందుకొచ్చాడు. "చూసుకోకపోవడం కాదు మామయ్యా, ఎవుడో ఇచ్చి చేయించుంటాడు. చెప్పు, ఆ కండువా ఎక్కడిది?"

నాది అని ఒక్క మాట. మూడు సెకన్ల పని. అందరూ నాగూర్ వలినే చూస్తున్నారు. నేను చేతిలో ఫోన్ అద్దం చొక్కాతో తుడవడం మొదలుపెట్టాను.

"మాదే బాబూ. మీటింగుకొచ్చినప్పుడు ఇచ్చారుగా," అన్నాడు నాగూర్ వలి.

ఫోన్ అద్దం చానాసేపు తుడిచాను. ఇంత పిరికివాణ్నని అంతకుముందు నాకు తెలియదు. తెలిశాక కూడా నోరు విప్పలేదు.

నవీన్ లోపలి నుంచి కొత్త కండువా ఒకటి పళ్లెంలో పెట్టించి తెచ్చాడు. "ఇదిగో. మోకాళ్ల మీద కూకో. ఇది కళ్లకద్దుకుని, తప్పయింది, క్షమించండి అని చెప్పు. వీడు తీస్తాడు. ఏ గ్రూపుల్లో ఆ వీడియో తిరిగిందో ఆ గ్రూపులన్నిట్లో ఇది తిరగాల. మీ కొట్టు రోడ్డు మార్జిన్లో ఉంది, గుర్తుంది గదా?"

"తప్పయింది బాబూ. చెప్తా. చేతులు జోడించి చెప్తా, ఎన్నిసార్లన్నా చెప్తా," అన్నాడు నాగూర్ వలి. "నిలబడి చెప్తా. మోకాళ్లెయ్యమనొద్దు."

"రోజూ నేల మీద దొర్లేటోడివి. ఇప్పుడు పరువొచ్చిందా?"

"పడటం వేరు బాబూ. పడ్డోణ్ని చూసి జనం నవ్వుతారు. మోకాళ్లేసినోణ్ని చూసి నవ్వరు, జాలిపడతారు. ఒకసారి జాలిపడ్డాక ఇంక నేను ఎన్ని పడ్డా నవ్వు రాదు. నాకున్న పని అదొక్కటే. దూది ఎటూ పోయింది."

సాంబశివరావు ముఖం తుడుచుకున్నాడు. ఆయనకు ఈ గొడవ తెమిలిపోతే చాలని నాకు అనిపించింది. కానీ పదిహేను మంది చూస్తుండగా ఊరికే వదిలేస్తే ఆయన పెద్దరికం ఏంగాను? కుర్చీలో ముందుకు వంగి అన్నాడు.

"సరే. జనం నవ్వుతారంటున్నావు గదా. ఇక్కడ పడు. మూడుసార్లు. ఇక్కడున్నోళ్లలో ఒక్కరు నవ్వినా నిలబడే చెప్పి పో. నవ్వకపోతే మోకాళ్లెయ్యి."

నవీన్ వెంటనే వెనక్కి తిరిగి అందరి ముఖాలూ వరసగా చూశాడు. "నవ్వినోడి సంగతి నేను చూస్తా," అన్నాడు. తర్వాత నాతో, "నీ నవ్వు లెక్కలోకి రాదు. నువ్వు తీస్తా ఉండు," అన్నాడు.

నాగూర్ వలి పళ్లెంలోంచి కండువా రెండు చేతులతో తీసి, వెళ్లి సాంబశివరావు చేతుల్లో పెట్టాడు. "ఇది మీరు పట్టుకోండి సార్. కింద పడకూడదు," అన్నాడు. పెద్దాయన ఏం చేయాలో తెలియక దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నాగూర్ వలి అక్కడి నుంచి తిరిగి రెండడుగులు వేశాడు. మూడో అడుగు వేయలేదు. కాళ్లు రెండూ ఒక్కసారి ముందుకు పోయాయి, మనిషి వెల్లకిలా రాళ్ల మీద పడ్డాడు. ఇంట్లో పడితే ధబ్బుమంటుంది. ఇక్కడ చప్పుడు వేరుగా వచ్చింది, నా పళ్లు జిల్లుమన్నాయి. లేచాడు. లుంగీ సర్దుకున్నాడు. తనను పడేసిన రాయి ఏదో వెతుకుతున్నట్టు కింద చూశాడు. ఆ చూపుకు వినుకొండ బస్టాండులో బస్సు ఆపి మరీ నవ్వేవాళ్లు. ఇక్కడ పదిహేను ముఖాలూ బిగుసుకునే ఉన్నాయి.

"ఒకటి," అన్నాడు నవీన్.

పిట్టగోడ మీద ఎవరిదో సగం తాగిన టీ గ్లాసు ఉంది. నాగూర్ వలి దాన్ని చేతిలోకి తీసుకుని, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాడు. పెద్దాయన ముందు పూర్తిగా కూర్చోవడం మర్యాద కాదన్నట్టు అంచు మీద కూర్చున్నాడు. ఆయన వైపు చూసి ఇంకొంచెం ముందుకు జరిగాడు. మరీ మర్యాదగా ఇంకొంచెం. కుర్చీ వెనక్కి ఎగిరింది, మనిషి కింద కూలబడ్డాడు. కానీ గ్లాసు పైకెత్తిన చేతిలో నిటారుగా ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. గెలిచినవాడిలా దాన్ని అందరికీ చూపించాడు. అప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చిన కుర్చీ ఆయన నెత్తిన పడింది, టీ అంతా రాళ్ల మీద పోయింది. చివర నిలబడ్డ ఒకతని భుజాలు కదిలాయి. నవీన్ అటు చూశాడు. అతను దగ్గి గోడ వైపు తిరిగాడు.

"రెండు."

నాగూర్ వలి లేవడానికి ఈసారి ఎక్కువసేపు పట్టింది. తుంటి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ముఖం తెల్లబడింది, ఊపిరి పైపైన తీసుకుంటున్నాడు. మెత్తలు లేని ఒళ్లు అది. ఇంటి దగ్గర పైట కింద బనీను దాచుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చి నాకు నవీన్ మీద, సాంబశివరావు మీద, అన్నిటికంటే నా మీద మండుకొచ్చింది. మూడోది ఎట్లా పడాలో అనుకుంటూ ఆయన జాలీ తలుపు వైపు నడిచాడు. ఆయన మనసులో ఏం పథకం ఉందో నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే అక్కడిదాకా పోలేదు. ఒలికిన టీ మీద కాలు పెట్టి నిజంగానే జారాడు.

రెండొందల సార్లు ఆయన పడటం తీసినవాణ్ని. నాకొక్కడికే తెలిసింది. ఎడమ చెయ్యి కింద పెట్టాడు. లోపల ఏదో విరిగిన చప్పుడు నా దాకా వినపడింది. రెండు సెకన్లు కదల్లేదు. తర్వాత మెల్లగా బోర్లా తిరిగి, లేవడానికి మోకాలు ముడవబోయాడు.

"తియ్, తియ్! మోకాళ్లేస్తన్నాడు, తియ్!" అని నవీన్ నా మీద అరిచాడు.

ఆ మాట నాగూర్ వలి విన్నాడు. ముడవబోయిన మోకాలు రాయికి బెత్తెడు దూరంలో ఆపేశాడు. మోకాలు ఆనించకుండా, ఎడమ చెయ్యి వాడకుండా, ఒక్క కుడిచెయ్యి నేలకానించి ముందు నడుం పైకి లేపాడు. కాళ్లు చెరో వైపుకు జారుతున్నాయి. దగ్గరికి లాక్కుంటే మళ్లీ జారుతున్నాయి. అప్పుడే పుట్టిన దూడ లేవబోయినట్టు, వెనకభాగం ఆకాశానికెత్తి, తల కిందికి వేలాడేసి, ఉన్నచోటే ఒక చుట్టు తిరిగాడు. లుంగీ తల మీద పడింది. లుంగీ లోపలి నుంచే, "ఒక్క నిమిషం సార్, వస్తన్నా," అన్నాడు.

జాలీ తలుపు లోపల కిసుక్కుమని వినపడింది. ఆపుకోబోయి ఆపుకోలేక పగలబడ్డ నవ్వు. తలుపు తోసుకుని సాంబశివరావు భార్య అలివేలమ్మ బయటికి వచ్చింది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అది చాలు, అప్పటిదాకా బిగబట్టిన పదిహేను మందీ ఒకరి తర్వాత ఒకరు విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు.

"ఆడోళ్ల నవ్వు లెక్కలోకి రాదు," అన్నాడు నవీన్.

"ఎందుకు రాదురా? నేను ఈ ఇంట్లో మనిషిని కాదా?" అంది అలివేలమ్మ.

సాంబశివరావు ఒళ్లో ఉన్న కండువా మడిచి భుజాన వేసుకున్నాడు. "నవ్వారు గదా. చెప్పి పొమ్మను," అన్నాడు.

నాగూర్ వలి అప్పటికి నిలబడ్డాడు. చేతులు జోడించబోయాడు. ఎడమది రాలేదు. కుడిచెయ్యి ఒక్కటే గుండె మీద పెట్టుకుని, "తప్పయింది సార్, క్షమించండి," అన్నాడు. పదకొండు సెకన్లు వచ్చింది ఆ వీడియో. ఇప్పటికీ నా దగ్గరుంది. నిలబడే ఉన్నాడు.

ఊరు దాటాం. వెనక బైకులు లేవని రూఢి చేసుకున్నాక, పత్తిచేల పక్కన బండి ఆపాను. మణికట్టు అప్పటికే రెండింతలైంది, వేళ్లు వంకరపోయి ఉన్నాయి. నా జేబురుమాలుతో చేతిని మెడకు వేలాడేసి కడుతుంటే ఆయన పళ్లు బిగబట్టాడు. నా ముఖం చూసి నన్నే ఓదార్చబోయాడు. ఇక ఆగలేకపోయాను.

"మావా, ఆ కండువా నాది. అక్కడ చెప్పాల్సింది. చెప్పలేదు. నన్ను కొట్టు మావా."

"నాకు తెలీదా ఏంది నీదని?" అన్నాడు నాగూర్ వలి. చేతిని కొంచెం సర్దుకుని, బండి ఎక్కి, కుడిచెయ్యి నా భుజం మీద వేశాడు. "నీదని చెప్తే నిన్ను పడమనేవాళ్లు సుధీరూ. నీకు పడటం రాదు గదా."